విమానం ఆఖరున రావాలి

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పారు. 1963లో వాయుసేనలో చేరిన విమానం, 62 ఏళ్ళు కొలువు చేసి దిగింది. ఆ వారంలోనే తాడేపల్లిగూడెంలో ఒక టీ కొట్టు దగ్గర మిత్రుడొకడు, "అన్ని మిగ్‌లను ఇక ఏం చేసుకుంటారు? ఒకటి అడిగి తెచ్చి మన రన్‌వే మీద నిలబెడితే మ్యూజియం అయిపోతుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపారు. నేనూ ఊపాను. ఇంటికి వచ్చి ఆలోచించాక గానీ 'నిలబెడితే'కీ 'అయిపోతుంది'కీ మధ్య ఎంత ఎడం ఉందో తట్టలేదు.

రన్‌వే సంగతి తెలియనివారికి రెండు మాటలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం తాడేపల్లిగూడెంలో సైనిక విమానాల కోసం వేసినది అది. యుద్ధం ముగిసింది, వాళ్ళు వెళ్ళిపోయారు, రన్‌వే మిగిలింది. ఆ తర్వాత అది చూడని వాడకం లేదు. మా ఈడువాళ్ళం సైకిలు నేర్చుకున్నాం, మా పిల్లలు కారు నేర్చుకున్నారు. తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ళు, సాయంత్రం వికెట్లు పాతలేక ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడే కుర్రాళ్ళు. ఊరు పెరిగి దాని అంచుల దాకా వచ్చింది. ఈ మధ్య రాష్ట్రంలో కొత్త విమానాశ్రయాలకు పరిశీలిస్తున్న చోట్లలో కుప్పం, దగదర్తి, ఒంగోలు వంటి పేర్ల పక్కన తాడేపల్లిగూడెం పేరు కూడా చేరడంతో, ఊళ్ళో ఏ ఇద్దరు కలిసినా మాట విమానం మీదికే మళ్ళుతోంది.

ఆ రన్‌వే ఎందుకు పుట్టిందో తెలియాలంటే 1942 వేసవికి వెళ్ళాలి. ఆ ఏడాది మార్చిలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. గోదావరి జిల్లాలకు రంగూన్ దూరపు పేరేమీ కాదు; మన పెద్దవాళ్ళకు అది 'రంగం'. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడెక్కి కూలికీ వ్యాపారానికీ వెళ్ళిన తెలుగువాళ్ళను బర్మాలో కోరంగీలు అనే పిలిచేవారు. రంగం పడిపోయాక వాళ్ళలో ఎందరో అడవుల వెంట కాలినడకన ఇళ్ళకు బయలుదేరారు; అందరూ చేరలేదు. ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీద బాంబులు వేశాయి. మరునాడు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద వేశాయి. అంతవరకు పేపర్లో చదువుకునే యుద్ధం డెల్టా నడినెత్తి మీదికి వచ్చింది. తూర్పు తీరం పొడవునా రన్‌వేలు లేచింది ఆ రోజుల్లోనే. గన్నవరం విమానాశ్రయానికి మూలం ఆనాటి సైనిక స్థావరం. రాజమండ్రి పక్కన మధురపూడి కూడా బ్రిటిష్ కాలం నాటిదే. ఆ రెండూ తర్వాత ప్రయాణికుల విమానాశ్రయాలు అయి, వాటి పాత ముఖం గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. తాడేపల్లిగూడెం మాత్రం 1940ల్లో ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది. అభివృద్ధి కోరేవారికి అది దురదృష్టంగా కనిపించవచ్చు. మ్యూజియం కావాలనేవాడికి మాత్రం అంతకంటే కావలసిందేముంది?

పాత సైనిక స్థావరాల్లో వైమానిక, అంతరిక్ష మ్యూజియాలు పెట్టడం పాశ్చాత్య దేశాల్లో మామూలు సంగతి. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక అమెరికా తన స్థావరాలను వరుసగా మూసేసింది. ఒక స్థావరం మూతపడితే దాని మీద బతికే ఊరు సగం ఖాళీ అవుతుంది. మిగిలిన హ్యాంగర్లను, అంటే విమానాలు నిలిపే పెద్ద షెడ్లను, ఏం చేసుకోవాలో తెలియని మునిసిపాలిటీ, విమానాలను వదల్లేని మాజీ సైనికులు ఒకచోట కలిస్తే మ్యూజియం పుట్టింది. డెన్వర్ నగరంలోని లోరీ స్థావరం కథ అలాంటిదే. అక్కడి రన్‌వేలను 1966లోనే మూసేశారు. ఆ తర్వాత కూడా అది శిక్షణ కేంద్రంగా నడిచింది, 1994లో పూర్తిగా మూతపడింది. స్థావరం నేలలో ఇప్పుడు ఇళ్ళు, బళ్ళు, పార్కులు. 1930ల చివరలో కట్టిన ఒక పెద్ద హ్యాంగర్‌ను మాత్రం అలాగే ఉంచి అందులో 'వింగ్స్ ఓవర్ ది రాకీస్' అనే మ్యూజియం పెట్టారు. గుమ్మం ముందు బి-52 బాంబర్, లోపల బి-1ఎ అనే ఇంకో బాంబర్, మరో మూలన రాకెట్ల కథ. ఆ కథను ఎక్కడి నుంచో అరువు తేవలసిన అవసరం వారికి రాలేదు. టైటన్ క్షిపణులు తయారైంది డెన్వర్ శివార్లలోనే. ఆ ఊరివాళ్ళకు రాకెట్ అంటే పక్కింటాయన చేసే ఉద్యోగం.

ఇంగ్లండులో డక్స్‌ఫర్డ్ ఇంకా చిత్రమైనది. 1961లో వాయుసేన ఆ స్థావరాన్ని వదిలేసింది. కొన్నాళ్ళు ఎవరికీ పట్టలేదు. 1968లో ఒక యుద్ధ సినిమా తీస్తూ, సన్నివేశం సహజంగా రావాలని, ఒక హ్యాంగర్‌ను నిజంగానే పేల్చేశారు. మన దగ్గర ఇలాంటి పనికి కనీసం సెట్టింగు వేస్తారు. 1970లలో లండన్‌లోని యుద్ధ మ్యూజియంవారు తమ దగ్గర చోటు చాలని పెద్ద వస్తువులను దాచుకోవడానికి డక్స్‌ఫర్డ్‌ను గోదాముగా వాడుకున్నారు. ఆ గోదాము చూడటానికి జనం రావడం మొదలైంది. అలా అది ఐరోపాలోని పెద్ద వైమానిక మ్యూజియాల్లో ఒకటి అయింది. అక్కడి ప్రయాణికుల విమానాలను, ఒక కాంకార్డ్‌తో సహా, చూసుకునేది జీతగాళ్ళు కారు. ఒక స్వచ్ఛంద సంఘం సభ్యులు.

ఈ రెండు కథలు చెప్పి ఆపేస్తే టీ కొట్టు మిత్రుడి మాటకు బలం చేకూర్చినట్టే. అందుకని మూడోది కూడా చెప్పాలి. ఇల్లినాయ్ రాష్ట్రంలో రాంటూల్ అనే చిన్న ఊరు, దాన్ని ఆనుకుని చనూట్ స్థావరం. 1917లో మొదలై 1993లో మూతపడింది. ఊరివాళ్ళు అక్కడా మ్యూజియం పెట్టుకున్నారు. విమానాలకు కొదవ లేదు, భవనాలకు కొదవ లేదు, ప్రేమకు అసలే లేదు. అంత పెద్ద పాత భవనం కరెంటు, నిర్వహణ ఖర్చులను ఇక భరించలేనని ఊరి పాలకమండలి చేతులెత్తేసింది. 2015 చివర్లో మ్యూజియం మూతపడింది. విమానాలు కొన్ని వేరే మ్యూజియాలకు తరలాయి. ఇరవై ఏళ్ళకు పైగా నడిచిన మ్యూజియాన్ని శత్రువుల బాంబు కూల్చలేదు, కరెంటు బిల్లు కూల్చింది. మన మునిసిపాలిటీల వీధి దీపాల బకాయిల గురించి తెలిసినవారు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదువుకోవచ్చు.

లోరీకి ఉన్నదీ మనకు లేనిదీ ఒకటి స్పష్టంగా ఉంది: హ్యాంగర్. రన్‌వే ఉండి హ్యాంగర్ లేకపోవడమంటే అరుగు ఉండి ఇల్లు లేనట్టు. అరుగు మీద విమానాన్ని కూర్చోబెడితే ఏమవుతుందో నాకు చెప్పింది ఒక పెద్దాయన. తాడేపల్లిగూడెం మండలంలోనే మాధవరం ఉంది. 'మిలిటరీ మాధవరం' అంటే గానీ బయటివాళ్ళకు తెలియదు. రెండు ప్రపంచ యుద్ధాల నుంచి ఇప్పటిదాకా ఆ ఊరు సైన్యానికి మనుషులను పంపుతూనే ఉంది. ఊళ్ళో అమర జవాన్ల స్మారకం ఉంది. ఆ వైపే ఉండే ఆయన వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం ఒంటి మరమ్మతులు చూసే మనిషిగా, పనిచేసి రిటైరయ్యారు. మిగ్ సంగతి చెప్పి, "తెస్తే ఎలా ఉంటుంది బాబాయి గారూ?" అని అడిగాను. ఆయన సంతోషిస్తారని నా లెక్క.

"టైర్లలో గాలి ఎవరు చూస్తారు బాబూ?" అన్నారు.

నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు. విమానం ఎగిరినా ఎగరకపోయినా టైర్ల మీద బరువు బరువేనట. గాలి దిగితే ఒక పక్కకు ఒరుగుతుంది, రబ్బరు చీలుతుంది, అందుకే తెలిసినవాళ్ళు ప్రదర్శనకు పెట్టిన విమానాన్ని స్టాండ్ల మీద నిలబెడతారట. తర్వాత రెక్కల కింద నీళ్ళు పోవడానికి ఉండే చిన్న చిన్న రంధ్రాలు. వాటిలో కందిరీగలు మట్టిగూళ్ళు కడతాయి, గోరింకలు ఎక్కడ సందు దొరికితే అక్కడ గడ్డి కూరుతాయి. రంధ్రం పూడితే వాన నీళ్ళు రెక్కలోనే నిలుస్తాయి. విమానం ఒళ్ళు అల్యూమినియం, బోల్టులు చాలావరకు ఉక్కు. రెండు వేరు వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉండగా మధ్యలోకి ఉప్పు తడి చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో ఓడిపోయేది అల్యూమినియం. తుప్పు ఎర్రగా కనిపిస్తే మనకు భయం వేస్తుంది. అల్యూమినియానిది తెల్లటి పొడి, పెయింటు కింద పొక్కులా లేస్తుంది, చూసినవాడు సున్నం అనుకుంటాడు. పైలట్ తల మీద ఉండే పారదర్శక కవచం ఎండకు పసుపుబారి సన్నగా చిట్లుతుంది. ఇవన్నీ చెప్పి, చివర్లో, "ఎజెక్షన్ సీటు కింద కాట్రిడ్జ్‌లు తీశారో లేదో మాత్రం ముందు చూడమనండి" అన్నారు. ఆపదలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరేసే పేలుడు మందు అది. పిల్లలను ఎక్కించి ఫోటోలు తీసే అలవాటు మనది కదా.

ఎడారి ఊరికీ మనకూ తేడా ఇక్కడే. అమెరికా తన పాత సైనిక విమానాలను అరిజోనాలోని టూసాన్ దగ్గర వేల సంఖ్యలో ఆరుబయట నిలబెట్టుకోగలుగుతోంది. అక్కడి గాలి పొడి, నేల గట్టి. డెన్వర్ కూడా పొడి ఊరే, అయినా ముఖ్యమైనవాటిని కప్పు కిందే ఉంచారు. మనది తేమ నేల. తాడేపల్లిగూడెం సముద్రం ఒడ్డున లేదు కాబట్టి విశాఖ బీచ్ మీద కొట్టేంత ఉప్పు గాలి అక్కడ కొట్టదు. కానీ చుట్టూ వరి చేలు, కాలువలు, చేపల చెరువులు. అట్ల తద్దె నాటికి కూడా బీరువాలో బట్టలకు బూజు వాసన వదలని ప్రాంతం. ఇంట్లో ఇనప బీరువాకే రెండేళ్ళకోసారి రంగు వేసుకునేవాళ్ళం, కూడలిలో నిలబెట్టిన విమానానికి ఎన్నాళ్ళకోసారి వేస్తాం?

విశాఖ అనుభవం ఈ విషయంలో మనకు దగ్గరి పాఠం. ఐఎన్‌ఎస్ కురుసురా అనే జలాంతర్గామి 31 ఏళ్ళ సేవ తర్వాత 2001 ఫిబ్రవరిలో విరమించుకుంది. 2002 ఆగస్టు నుంచి రామకృష్ణా బీచ్‌లో మ్యూజియం. దాని ఎదుటే టీయూ-142 విమానం. 29 ఏళ్ళు సముద్రం మీద గస్తీ తిరిగి 2017 మార్చిలో అరక్కోణంలో విరమించి, విశాఖకు ఎగిరి వచ్చింది. అక్కడ విడదీసి, బీచ్ రోడ్డుకు తెచ్చి మళ్ళీ బిగించారు. అదే ఏడాది డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నేను రెండూ చూశాను. విమానం దగ్గర జనం ఫోటోలు తీసుకుంటారు, జలాంతర్గామిలో మనుషులు మాటలు వింటారు. కారణం చిన్నదే. కురుసురాలో దారి చూపేవాళ్ళు రిటైరైన నౌకాదళ సిబ్బంది. "ఇక్కడ ఇంతమందికి రెండే మరుగుదొడ్లు, స్నానం సంగతి మరిచిపోండి" అని ఆ బతుకు బతికిన మనిషి చెబితే, ఆ ఇరుకు గొట్టంలో నిలబడి వినేవాడికి గాలి తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ మనుషులు లేకపోతే అది పెద్ద ఇనప గొట్టం.

కాబట్టి గూడెం రన్‌వే పక్కన మాధవరం ఉండటం కాకతాళీయమే అయినా, అంత విలువైన కాకతాళీయం ఇంకోటి లేదు. వాయుసేనలో, సైన్యంలో చేసి వచ్చినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నారు. తాతలు రెండో ప్రపంచ యుద్ధంలో ఎక్కడెక్కడ తిరిగారో చెప్పగల మనవలు ఉన్నారు. పెట్టెల్లో పతకాలు ఉన్నాయి, ఉత్తరాలు ఉన్నాయి, డిశ్చార్జి పుస్తకాలు ఉన్నాయి. చెదలు పట్టేది వాటికి ముందు. మిగ్ ఎక్కడో ఒక డిపోలో ఇంకో పదేళ్ళు ఆగగలదు, ఎనభై దాటిన మనిషి జ్ఞాపకం ఆగదు. మ్యూజియం పని మొదలుపెట్టదలిస్తే ఒక టేప్ రికార్డరుతో, అంటే ఈ రోజుల్లో ఒక ఫోనుతో, ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు. దానికి ఢిల్లీకి అర్జీ పెట్టుకోనక్కరలేదు. రన్‌వే సొంత కథ కోసం మాత్రం కొంచెం దూరం వెళ్ళాలి. బ్రిటిష్ వాయుసేన దళాలు, స్థావరాలు రోజువారీగా రాసుకున్న దినచర్య పుస్తకాలు లండన్ శివార్లలోని క్యూలో, అక్కడి జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. ఏ విమానం ఎప్పుడు దిగింది, ఎందుకు దిగింది, ఏ రాత్రి వాన వల్ల ఎగరలేకపోయింది వంటివన్నీ వాళ్ళు రాసి పెట్టుకునేవారు. ఒక చరిత్ర విద్యార్థికి విమాన టికెట్టు, మూడు నెలల భత్యం ఇచ్చి పంపితే అయ్యే ఖర్చు, మిగ్‌ను లారీ మీద తెచ్చి క్రేనుతో దించే ఖర్చు కంటే ఎక్కువ ఉంటుందని నేను అనుకోను.

ఇక అంతరిక్షం. ఇక్కడే మన మ్యూజియం ఊహలు అన్నిటికంటే పేలవంగా ఉంటాయి. రాకెట్ నమూనా ఒకటి, వ్యోమగామి దుస్తుల బొమ్మ ఒకటి, మొహం పెట్టి ఫోటో దిగడానికి అట్టకు ఒక రంధ్రం. ఇవి కర్నూలులో పెట్టినా ఒకటే, కాన్పూరులో పెట్టినా ఒకటే. గోదావరి డెల్టాకు అంతరిక్షంతో ఉన్న బంధం వేరు. అది ప్రాణాలతో ముడిపడినది. నా మాట అతిశయోక్తి అనిపిస్తే ఉప్పెన చూసిన ఊరి మనిషిని అడగండి.

1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన రేవును, ఓడలను, ఊళ్ళను తుడిచిపెట్టింది. సముద్రం లేచి వస్తోందని అప్పుడు ఎవరికి తెలుసు? గాలి దిక్కు మారడం, పక్షులు లోపలికి ఎగిరిపోవడం, అంతే. 1977 నవంబరు 19న దివిసీమకు కూడా దాదాపు అదే గతి పట్టింది, 10,000 మందికి పైగా పోయారు. అప్పటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1983 ఆగస్టులో అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ మోసుకెళ్ళిన ఇన్సాట్-1బి ఉపగ్రహం వచ్చాక, భూమి నుంచి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒక కెమెరా బంగాళాఖాతం వైపు కన్నార్పకుండా చూడటం మొదలుపెట్టింది. ఆ దశకంలోనే తీరంలోని ప్రభుత్వ కార్యాలయాల్లో ఉపగ్రహం ద్వారా నేరుగా తుపాను హెచ్చరిక అందుకునే పెట్టెలు అమర్చారు. ముందు సైరన్ మోగేది, తర్వాత మాట వినిపించేది. టెలిఫోన్ తీగలు గాలికి తెగినా ఆ మాట తెగేది కాదు. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను బలంలో 1977 నాటిదానికి తీసిపోయేది కాదు. మృతుల సంఖ్య మాత్రం వెయ్యికి లోపే ఆగింది. లక్ష మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. 1977 లెక్కన పోవలసి ఉండి మిగిలిన తొమ్మిది వేల మంది పేర్లు ఎక్కడా రాసి ఉండవు, ఎందుకంటే వాళ్ళు బతికే ఉన్నారు. అంతరిక్ష గదిలో మొదటి గోడ మీద రాకెట్ బొమ్మకు ముందు ఈ రెండు తుపానుల పటాలు పక్కపక్కన ఉండాలని నా పట్టు.

అయితే ఈ కథను విజయగాథగా చుట్టేస్తే కోనసీమ ఒప్పుకోదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కాకినాడకు దిగువన తీరం దాటింది. ఉపగ్రహం పైన ఉంది, హెచ్చరిక పెట్టె కింద ఉంది, అయినా వెయ్యి మందికి పైగా పోయారు. చిన్న చుట్టు, పెద్ద బలం. తీరానికి దగ్గరలో ఉన్నట్టుండి బలపడింది. వేటకు వెళ్ళిన పడవలకు కబురు అందే దారి లేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళలో ఎన్నో ఇళ్ళకు మగదిక్కు లేకుండా పోయింది. కొబ్బరి తోటలు పడుకున్న తీరు చూస్తే దువ్వెనతో దువ్వినట్టు ఉండేది, అన్నీ ఒకే వైపుకు. పైనుంచి చూడగలగడం ఒకటి, చూసినదాన్ని నడి సముద్రంలో ఉన్న సరంగు చెవిలో వేయగలగడం ఇంకొకటి. అంతరిక్ష మ్యూజియాల్లో మొదటిదాన్నే చూపిస్తారు. రెండోదాన్ని చూపించే మ్యూజియం ఈ దేశంలో నాకు ఎక్కడా కనిపించలేదు. మన దగ్గర అది పుడితే, దాన్ని చూడటానికి చండీగఢ్ వాళ్ళే మన ఊరికి రావలసి వస్తుంది.

మిగ్‌కు వీడ్కోలు చెప్పిన నెల రోజులకు, 2025 అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను నరసాపురానికి దగ్గరలో తీరం దాటింది. ఆ సాయంత్రం మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఫోనులో తెల్లటి మేఘాల సుడి బొమ్మ చూస్తూ ఉన్నారు. ఆ బొమ్మ వెనుక ఇన్సాట్ శ్రేణి ఉపగ్రహాలున్నాయి. వాటిలో కొత్తది, ఇన్సాట్-3డీఎస్, 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచే ఎగిరింది. అంటే మన తీరం నుంచి లేచినది మన తీరాన్నే చూసి చెబుతోంది. మా పక్కింటి ముసలమ్మ ఆ సుడి బొమ్మను చూసి, "ఇది మా కాలంలో ఉంటేనా" అని ఊరుకున్నారు.

తుపాను లేని రోజుల్లో కూడా ఉపగ్రహం పని మానదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉపగ్రహాలు పంపే సముద్రపు వేడి, నీటి రంగు వివరాలను చూసి చేపలు ఎక్కడ ఉండే వీలుందో రోజూ చెబుతుంది. సూత్రం పెద్ద కష్టమైనది కాదు. వేడి నీళ్ళు, చల్లటి నీళ్ళు కలిసే గీత దగ్గర నాచు పెరుగుతుంది. నాచు ఉన్నచోటికి చిన్న చేప, చిన్న చేప ఉన్నచోటికి పెద్ద చేప. నాచు ఎక్కువైతే నీటి రంగు మారుతుంది, ఆ రంగును పైనుంచి పట్టుకోవచ్చు. 1999లో శ్రీహరికోట నుంచి పంపిన ఓషన్‌శాట్ ఉపగ్రహం చేసిన పని అదే. ఉప్పాడ, అంతర్వేది, నరసాపురం వేటగాళ్ళకు నీటి రంగు చూసి చేప జాడ పసిగట్టడం తాతల నాటి విద్య. ఉపగ్రహం చేసేదీ ఆ విద్యే, కాస్త ఎత్తు నుంచి. ఈ రెండు విద్యలనూ ఒకే బల్ల మీద పెట్టి, తెలుగులో వివరించి, పక్కన ఒక వేటగాడిని కూర్చోబెడితే, తొమ్మిదో తరగతి పిల్లవాడికి భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సొంత ఊరు ఒకేసారి అర్థమవుతాయి. కాలేజీ పోటీల్లో రాకెట్ ఇంధనం పేరు బట్టీపట్టి చెప్పే పిల్లలను చాలామందిని చూశాను. వాళ్ళలో ఒకరికైనా ఈ చేప సంగతి తెలిసినట్టు లేదు.

శ్రీహరికోటలో సందర్శకుల కోసం అంతరిక్ష ప్రదర్శనశాల ఇప్పటికే ఉంది, ప్రయోగాలు చూడటానికి గ్యాలరీ ఉంది. అక్కడ రాకెట్ కథ చెప్పడమే సబబు. 1971 అక్టోబరులో మొదటి చిన్న రోహిణి రాకెట్ ఎగిరింది ఆ దీవి మీది నుంచే. 1979లో ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో కూలిందీ, మరుసటి ఏడాది జులై 18న నిలబడి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిందీ అక్కడే. కేరళలో తుంబా దగ్గర, 1963లో తొలి రాకెట్‌కు సామగ్రి కూర్చిన పాత చర్చి ఇప్పుడు అంతరిక్ష మ్యూజియం. పని జరిగిన చోటే దాని జ్ఞాపకం ఉండటంలో ఒక మర్యాద ఉంది. మన ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం అలాంటిదే. 1852లో పూర్తయిన ఆనకట్ట పక్కనే, ఆ ఆనకట్ట కట్టిన కాలపు పనిముట్లు, నమూనాలు. హంగులేమీ ఉండవు. కిటికీలోంచి చూస్తే గోదావరి కనిపిస్తుంది, అది చాలు. ఆ లెక్కన గూడెంలో చెప్పవలసింది శ్రీహరికోట కథ కాదు, రాకెట్ వెళ్ళిపోయాక కింద మిగిలిన మనుషుల కథ.

విమానం లేకపోతే జనం రారు కదా అన్న అభ్యంతరం ఉంది. నిజమే, కొట్టిపారేయలేను. ఎనిమిదేళ్ళ పిల్లవాడు దినచర్య పుస్తకం చూడటానికి రాడు. ముక్కు చూసి, రెక్క ముట్టుకుని, లోపల పైలట్ ముందు ఎన్ని డయళ్ళు ఉన్నాయో లెక్కపెట్టడానికి వస్తాడు. నేనైనా ఆ వయసులో అందుకే వెళ్ళేవాడిని. కాకినాడ జగన్నాథపురం వంతెన మీద నిలబడి పడవలు లెక్కపెట్టినవాడిని. అందుకని విమానం వద్దనడం లేదు. తేవలసిన వరుస గురించి మాట్లాడుతున్నాను. ముందు జ్ఞాపకాలు, తర్వాత కాగితాలు, తర్వాత కప్పు, కప్పు కింద ఏడాది పొడవునా జీతం తీసుకుంటూ కందిరీగ గూళ్ళు పీకే మనిషి. అతని జీతం ఏ పద్దు కింద వస్తుందో కాగితం మీద తేలాక విమానం. మన దగ్గర సాధారణంగా జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. విమానం ముందు వస్తుంది, దాని వెనుక నాయకులు వస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, ఆ కత్తెర తర్వాత ఏ లోహపు వస్తువూ దాని దగ్గరికి రాదు.

ఇంకో చిక్కు ఉంది. కొత్త విమానాశ్రయం నిజంగా వస్తే పాత రన్‌వే నేల ఎవరిది అవుతుంది, ఎంత మిగులుతుంది? డెన్వర్‌లో రన్‌వేలు పోయాయి, హ్యాంగర్ మిగిలింది. మన దగ్గర హ్యాంగర్ లేదు కాబట్టి రన్‌వే పోతే ఏమీ మిగలదు. మొత్తం అట్టిపెట్టమని అడగడం అత్యాశ. ఒక చివర రెండు వందల గజాల పాత కాంక్రీటును, పగుళ్ళతో సహా, మీద తారు పోయకుండా వదిలేస్తే చాలు. 1940ల్లో పోసిన కాంక్రీటు మీద నిలబడి కథ వినడం వేరు, ఫ్లెక్సీ ముందు నిలబడి వినడం వేరు. కొత్త విమానాశ్రయం నమూనా గీసే దశలోనే ఈ మాట చెప్పాలి. టెండర్లు పిలిచాక చెబితే వినేవాడు ఉండడు.

ఇవన్నీ మొన్న టీ కొట్టు దగ్గర చెప్పాను. మిత్రుడు ఓపికగా విన్నాడు. రెండో టీ కూడా తెప్పించాడు. చివరికి, "సరే, ముందు షెడ్డుకు చదరపు అడుగు ఎంత పడుతుందో కనుక్కుంటాను" అన్నాడు. నిన్న ఫోను చేస్తే ఇంకా కనుక్కోలేదన్నాడు. మిగ్ కోసం అర్జీ మాత్రం రాశాడట, ఒకసారి చదివి తప్పులు దిద్దిపెట్టమన్నాడు.